సొరచేప వెన్నుపూస

ఓరుగల్లుకు చెరువులు కలవు గాని సముద్రం లేదు. అయినను జంతుశాస్త్రం చదివిన మా తరం వారికి సొరచేప పరాయిది కాదు. ఫార్మలిన్ సీసాలోని స్కోలియోడాన్‌ను తెలుగు మాధ్యమం వారము, ఉర్దూ మాధ్యమం వారము పక్కపక్కన నిలబడి చూచి బొమ్మ గీసుకొన్నాము. పాత పుస్తకాలలో దాని పూర్తి పేరు స్కోలియోడాన్ సొర్రకోవా. లాటిన్ పేరుగా కింద గీత గీసి రాసే ఆ మాటలో ఉన్నది మన సొరయే! విశాఖపట్నంలో చేపలను సేకరించిన పాట్రిక్ రస్సెల్ 1803లో లండన్‌లో వెలువడిన తన గ్రంథంలో స్థానికుల నోట విన్న పేర్లనే ఉంచినాడు. నేటి శాస్త్రజ్ఞులు ఆ చేపను స్కోలియోడాన్ లాటికాడస్ అంటున్నారు. మాకు మాత్రం పాత పేరే ఇంపు.

పేరు జాలరులు చెప్పినారు. వయస్సు ఎవరు చెప్పవలెను? అనేక చేపల వయస్సును చెవిలోని చిన్న రాతిపై ఏర్పడే వలయాలను బట్టి లెక్కింతురు. సొరకు అటువంటి గట్టి రాయి లేదు, అస్థిపంజరమంతా మృదులాస్థియే. ప్రాణహిత–గోదావరి లోయలోని కోట శిలలలో జురాసిక్ కాలపు సొరల పళ్లు దొరికినవి. మెత్తని శరీరం మన్నులో కలిసిపోయినది. అయితే సొర వెన్నుపూసలలో కాల్షియం పేరుకొని గట్టిపడుతుంది. పూసను నిలువుగా కోసి చూచినచో, చెట్టు మానులో వలె, వలయాలు వరుసగా కనిపించును.

వలయమునకు ఒక సంవత్సరమని ఎట్లు నమ్ముట? ఈ సందేహాన్ని తీర్చినది అణుబాంబు అంటే పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. 1950ల నుండి 1963 ఒప్పందం వరకు అగ్రరాజ్యాలు గాలిలో జరిపిన పరీక్షల వలన వాతావరణంలో కార్బన్-14 దాదాపు రెట్టింపైనది. అది సముద్రంలో కరిగి, ఆహారం ద్వారా చేపల దేహంలో చేరినది. ఆ పెరుగుదల ఏ వలయంలో మొదలైనదో కనుగొన్నచో, ఆ వలయం ఏ కాలమునాటిదో తెలియును. మానవుని వినాశబుద్ధి ఒక మూగజీవి వెన్నులో తేదీ వేసి పోయినది!

ఈ పద్ధతితో 2014లో అట్లాంటిక్ మహాసముద్రపు తెల్లసొర ఒకటి 73 సంవత్సరాలు జీవించినదని తేలినది. తిమింగల సొర విషయంలో ఏడాదికి ఒక వలయమా, రెండా అన్న వాదం చాలాకాలం నడిచినది. పాకిస్తాన్, తైవాన్‌లలో భద్రపరచిన పూసలను పరీక్షించి, ఏడాదికి ఒకటేనని, ఒక చేప 50 ఏళ్లు బ్రతికినదని 2020లో ప్రకటించినారు. ముసలి సొరలలో వలయాలు సన్నగిల్లి కొన్ని లెక్కకు అందకపోవుట కూడా కలదు.

అదే పూస ఆహారపు చిట్టా కూడా. నత్రజనిలో బరువైన రకం, నత్రజని-15, ఆహారపు గొలుసులో ఒక్కొక్క మెట్టు ఎక్కిన కొలది వెయ్యికి సుమారు మూడు పాళ్లు పెరుగును. రొయ్యలు తిన్న సొరకు, ఆ రొయ్యలను తిన్న చేపను తిన్న సొరకు తేడా అక్కడ తెలిసిపోవును. కర్బన ఐసోటోపులు అది తీరం దగ్గర మేసినదా, లోతు సముద్రంలో మేసినదా చెప్పును. పూసలో ఒకసారి ఏర్పడిన పొర మళ్లీ మారదు గనుక బాల్యపు తిండి లోపలి వలయాలలోను, ముసలితనపు తిండి అంచులోను నిలిచి ఉండును. అన్నిటికంటె మమ్ము ఆకర్షించినది నడిమి బిందువు. స్కోలియోడాన్ పిల్లలను కనే సొర. పుట్టుకకు ముందే ఏర్పడిన ఆ బిందువులో ఉన్నది తల్లి తిన్న తిండి.

ఇది వట్టి కుతూహలం కాదు. ఇరవై ఏళ్లు బ్రతుకునని తలచిన చేప డెబ్బై ఏళ్లు బ్రతుకునదైతే, అది ఈడుకు వచ్చుట ఆలస్యము, పిల్లలు తక్కువ. తప్పు లెక్కతో వేట సాగితే వలలు ఖాళీ అగును. మొదట నష్టపోవువాడు జాలరియే. మన దేశంలో తిమింగల సొరకు 2001 నుండి చట్టరక్షణ ఉన్నది. చిన్న సొరలు మాత్రం నేటికీ బజారుకు వచ్చుచున్నవి.

విశాఖ, కాకినాడ రేవులకు విహారయాత్ర పోవు మన విద్యార్థులు సొరను కోయుచోట ఒక పూస అడిగి తెచ్చి, చేప పొడవు, మగదో ఆడదో, పట్టిన తేదీ, చోటు చీటీపై రాసి సీసాకు అంటింపవలెను. చీటీ లేని పూస వట్టి ఎముకముక్కగానే మిగులును.