వెతకడం ఎలాగో ప్రభుత్వానికి తెలుసు



సెప్టెంబర్ 2 వస్తే ఆదోని, ఎమ్మిగనూరుల్లో రాజశేఖరరెడ్డి విగ్రహాలకు దండలు పడతాయి. పడనీయండి. 108 అంబులెన్సు మొదలైంది ఆయన హయాంలోనే, 2005 ఆగస్టు 15న. ఆరోగ్యశ్రీతో ఆపరేషన్ చేయించుకుని బతికి వచ్చినవాళ్లు మా గేరిలోనూ ఉన్నారు. ఇవాళ నేను రాస్తున్నది ఆయన పాలన గురించి కాదు. ఆయన్ని వెతికిన ఆ ఒక్క రోజు గురించి.

2009 సెప్టెంబర్ 2, బుధవారం. చిత్తూరు జిల్లాలో రచ్చబండ. పొద్దున 8:38కి బేగంపేట నుంచి బెల్ 430 హెలికాప్టర్ లేచింది. లోపల ముఖ్యమంత్రి, ఆయన కార్యదర్శి సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి వెస్లీ, పైలట్లు భాటియా, ఎం.ఎస్. రెడ్డి. గంట తిరగకముందే నల్లమల మీద జాడ తప్పింది. అప్పటి మన జిల్లాకే ఆ కొస. మేమున్నది ఈ కొస. ఆ రాత్రి మా గేరిలో టీవీ ఉన్న ఇంటి ముందు నుంచి జనం కదల్లేదు.

ప్రభుత్వం ఏం చేసింది? వాయుసేన హెలికాప్టర్లను దించింది. సుఖోయ్ యుద్ధవిమానాన్ని తిప్పింది. ఇస్రోను అడిగింది. సీఆర్పీఎఫ్‌ను, గ్రేహౌండ్స్‌ను అడవిలోకి పంపింది. అడవి తెలిసిన చెంచుల సాయం తీసుకుంది. మర్నాడు పొద్దున పావురాలగుట్ట దగ్గర శకలాలు కనిపించాయి. ఐదుగురిలో ఎవరూ మిగల్లేదు. ఎందుకు కూలిందో తేల్చడానికి త్యాగి కమిటీ వేశారు. గేర్‌బాక్సులో ఆయిల్ ప్రెషర్ దగ్గర నుంచి ఆనాటి మబ్బుల దాకా అన్నీ పరిశీలించారు.

ఇదంతా చేయాల్సిన పనే. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒక్క మాట అడుగుతా. ఆ వానలో దారి చూపిన చెంచుల్లో ఒక్కరి పేరైనా మనకు గుర్తుందా?

సరిగ్గా నెల తిరిగింది. అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. మంత్రాలయం మునిగింది. నాగలదిన్నె వంతెన కొట్టుకుపోయింది. ఊరికి పల్లంలో ఎవరి ఇళ్లుంటాయో నేను చెప్పనక్కర్లేదు. నీళ్లు ముందు వచ్చేది మన గేరికి, చివరికి పోయేదీ మన గేరి నుంచే.

ఇక సుగ్గి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు నుంచి పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి ఏటా గుంటూరు వైపు పోతారు. పిల్లల్ని, బియ్యం మూటల్ని, మనుషుల్ని ఒకే బండిలో కుక్కుతారు. ఆ బండి బోల్తా పడితే జిల్లా పేజీలో నాలుగు లైన్లు. 'కూలీలు మృతి' అంటారు. ఆ బండికి బ్రేకులు ఎందుకు పడలేదో, ఒక్క బండిలో అంతమందిని ఎక్కించిందెవరో తేల్చే కమిటీ ఉండదు. దెబ్బలతో బతికినవాళ్లను ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి రాసి పంపుతారు. దారిలోనే ప్రాణం పోతుంది.

కాబట్టి చేతకాదు అనే మాట చెల్లదు. ఐదుగురి కోసం ఒక్క పగలూ రాత్రిలో ఆకాశాన్నీ అడవినీ కదిలించగలిగిన ప్రభుత్వం ఇది.

మనం అడిగేది సుఖోయ్ కాదు. సుగ్గికి పోయే ప్రతి మనిషి పేరు పంచాయతీ పుస్తకంలో ఉండాలి. ఆదోనిలో, ఎమ్మిగనూరులో తలకు దెబ్బ తగిలినవాళ్లకు రాత్రిపూట కూడా వైద్యం దొరకాలి. కూలీల బండి పడిన ప్రతిసారీ విచారణ జరగాలి, ఆ నివేదిక ఊరి గోడ మీద అంటించాలి.

వెతకడం వాళ్లకు తెలుసు. మనల్ని కూడా వెతకాల్సిన మనుషుల్లో లెక్కేయమంటున్నాం.