పాలసీలో లేని రిస్కు

మా చెల్లెలు యోగా టీచర్. ఈ మాట చెప్పగానే మావాళ్ళు "తౌబా" అంటారు. మీవాళ్ళు "అరె, మీలో కూడా చేస్తారా?" అంటారు. ఆమె మాత్రం ఫజర్ నమాజు చదివి, చాపలు చుట్టుకుని, స్కూటీ మీద అపార్ట్‌మెంటుకు వెళ్ళిపోతుంది.

పోయినేడు ఆమె క్లాసులో సర్వాంగాసనం వేస్తూ ఒకావిడ మెడ పట్టేసింది. నొప్పి పాతదేనట, చెప్పలేదట. అడగకపోవడం చెల్లెలి తప్పే. ఆమే ఒప్పుకుంది. ఇంకెవరి దగ్గరైనా ఇదే జరిగితే "టీచర్ చూసుకోలేదు" అనేవాళ్ళు. ఇక్కడ "తురకామెకు యోగా ఏం తెలుసు?" అన్నారు. ఒక్క తప్పుకు రెండు శిక్షలెందుకు?

ఆ రాత్రి చెల్లెలు, "భాయీ, నేను ఇన్సూరెన్సు తీసుకుంటా" అంది.

మా దాదా పహిల్వాన్. విరిగిన ఎముకలు కట్టేవాడు. నూనె, గుడ్డుసొన, వెదురుబద్దలు, అంతే ఆయన దవాఖానా. ఊరి నమ్మకమే ఆయనకు జమానత్. చెయ్యి వంకరగా అతుక్కుంటే జనం వచ్చి గొడవ చేసేవాళ్ళు. "పహిల్వాన్ చెడగొట్టాడు" అనేవాళ్ళే గాని "సాయిబు చెడగొట్టాడు" అన్నట్టు నాకు గుర్తులేదు.

ఇప్పుడు నమ్మకం చాలదు. ఫీజు తీసుకుని చేసే వైద్యం 1986 నాటి వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. దాని స్థానంలో 2019 చట్టం వచ్చింది. యోగా నేర్పడానికి డాక్టరుకున్నట్టు లైసెన్సు అక్కర్లేదు. కానీ డబ్బు తీసుకుని నేర్పితే అదీ సేవే. లోపముందని పరిహారం అడగొచ్చు.

పాలసీ కాగితాల్లోని చిన్నక్షరాలు నేనే చదివాను. నేర్పడంలో పొరపాటుకు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ. తడినేల మీద ఎవరైనా జారిపడితే పబ్లిక్ లయబిలిటీ. మొదటిదానిలో సాధారణంగా క్లెయిము వచ్చిననాటికి పాలసీ నడుస్తూ ఉండాలి. దెబ్బ తగిలినప్పుడు ఉండి, తర్వాత మానేస్తే చిక్కే. కోర్టు ఖర్చులు, పరిహారం ఒక పరిమితి దాకా ఇస్తారు. కావాలని చేసిన హానికి ఇవ్వరు. శిక్షణ గురించి అబద్ధం రాస్తే అసలుకే మోసం.

మా మామూకు ఇదీ నచ్చలేదు. వడ్డీ ఉందని, అనిశ్చితి ఉందని ఇన్సూరెన్సును ఒప్పుకోని ఉలేమాలు చాలామందే. చెల్లెలు ఒకటే అడిగింది: "వైద్యం తెలియకుండా చేసినవాడు నష్టానికి జిమ్మేదారని మన ఫిఖా చెప్పడం లేదా మామూ? వాళ్ళ మెడకు నేను జవాబుదారీ కాదా?" మామూ చాయ్ తాగి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళ చేత ఆమె ఒక కాగితం నింపిస్తుంది. బీపీ ఉందా, కంట్లో గ్లకోమా ఉందా, మెడ, వెన్ను ఎలా ఉన్నాయి, గర్భవతులా అని. ఉన్నవాళ్ళ చేత తలకిందుల ఆసనాలు వేయించదు. ఇది పాలసీ కన్నా గట్టి రక్షణ.

పాలసీ కూడా బీరువాలో ఉంది. ఆమె చేతి తప్పుకు అది కాస్తుంది. ఆమె పేరు మీద పడే మాటకు అందులో గడి లేదు. తప్పు చేస్తే తప్పు చేసిన టీచర్‌గా చూడమనే మేం అడుగుతున్నది. అలా చూడనంతకాలం ఆ రిస్కుకు ప్రీమియం మేమొక్కళ్ళమే కడుతుంటాం.