వెనుక సీటు

అల్లాహ్ అనుగ్రహంతో గత యేడాది మా పెద్దబ్బాయి కూపే తరహా కారు కొన్నాడు. వెనుకకు ఏటవాలుగా జారే దాని పైకప్పును నరసన్నపేట వీధుల్లో జనం ఆగి చూసేవారు. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు సునాయాసంగా పడతాయి. వెనుక అద్దం మాత్రం ఇరుకు. సందులో వెనక్కి తీయాలంటే ఎవరో ఒకరు దిగి దారి చూపవలసిందే. ఆ ఇబ్బందిని మేము నవ్వుతూ భరించాము.

మేము గమనించనిది వేరొకటి ఉంది. ప్రతి నెలా మాతో బస్సులో శ్రీకాకుళంలోని మా చెల్లెలి ఇంటికి వచ్చే అమ్మీ, కారు కొన్న తర్వాత ఒక్కసారి వచ్చి మానుకున్నారు. "మోకాళ్ళ నొప్పి బేటా, నువ్వు వెళ్ళి రా" అనేవారు. ఒకనాడు బలవంతం చేసి ఎక్కించాము. మడపాం దగ్గర వంశధార వంతెన దాటుతూ వెనుదిరిగి చూస్తే, ఎక్కేటప్పుడు తలకు తగిలిన దెబ్బను ఆమె కొంగుచాటున నిమురుకుంటున్నారు.

కూపే అంటే ఫ్రెంచి భాషలో 'కోసినది' అని అర్థం. పూర్వం నలుగురు కూర్చునే గుర్రపు బండిలో ముందరి సీట్లు తీసివేసి, ఇద్దరికి కుదించిన బండికి ఆ పేరు వచ్చింది. మా బండిలో కోతపడినది అమ్మీ చోటు. 30 ఏళ్ళుగా మదరసాలో తల్లి హక్కుల గురించి బోధిస్తున్న మాకే అది కనబడలేదు.

ఇప్పుడు ముందు సీటు అమ్మీది. మేము తల వంచి వెనుక ఎక్కుతున్నాము. కారు కొనదలచిన సోదరులకు మా మనవి ఒక్కటే: షోరూమ్‌లో ముందుగా ఇంటి పెద్దలను వెనుక సీట్లో కూర్చోబెట్టి చూడండి.