తాకకుండానే తాకిడి

ధ్వనిని మించిన వేగంతో విమానం దూసుకుపోతే నేలపై పిడుగుపాటు వంటి చప్పుడు వినిపిస్తుంది. విమానం వస్తున్నదన్న వార్తను గాలి అణువులు ఒకదానినొకటి తాకుతూ ముందుకు చేరవేయాలి. ఆ వార్తకన్నా ముందే విమానం వచ్చిపడితే, తప్పుకొనే వ్యవధి లేక గాలి ఒక్కసారిగా నొక్కుకుపోతుంది. అదే ఆఘాత తరంగం. ఇంతవరకు నాకు సందేహం లేదు. నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న అంతరిక్షానిది.

సూర్యుని నుండి వీచే సౌరపవనం ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివిడిగా ప్రవహించే ప్లాస్మా. దాని వేగం సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు. భూమి చెంత అది ఎంత పలుచనిదంటే, ఒక ప్రోటాను మరొకదానిని ఢీకొనడానికి దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు పయనించాలి. తాకిడే లేనిచోట ఆఘాతమెక్కడిది? అయినా, 1963లో ప్రయోగించిన ఐఎంపీ-1 ఉపగ్రహం భూమికి ముందు, పడవ మొన వద్ద ఎగసిన నీటివలె నిలిచిన ఆఘాతాన్ని కనుగొన్నది.

అక్కడ తాకిడి పనిని విద్యుదయస్కాంత క్షేత్రాలు చేస్తాయి. తిరునాళ్లలో అడ్డంగా కట్టిన తాడు జనాన్ని నిలిపినట్లు అవి కణాలను నిలువరిస్తాయి. ఈ పోలిక పూర్తిగా పొసగదు. ఇక్కడ తాడు కూడా జనంతోపాటే కదులుతుంది! కొన్ని అయాన్లు వెనుకకు మళ్లి, ఎదురువచ్చే ప్రవాహంలో అలలు రేపుతాయి. ఒకే దిక్కున సాగిన శక్తి చెదరి వేడిగా మారుతుంది.

ఆ వేడి ఎవరి పాలవుతుంది? సౌరపవనం ధ్వనివేగం కన్నా తక్కువకు మందగించే సరిహద్దును వాయేజర్-1 2004 డిసెంబరులో దాటింది. కాని దాని ప్లాస్మా పరికరం 1980లోనే పాడైంది. 2007 ఆగస్టు చివర, భూమికీ సూర్యునికీ గల దూరానికి 84 రెట్ల దూరంలో వాయేజర్-2 ఆ ఆఘాతాన్ని పలుమార్లు దాటింది. ఆఘాతమే ముందుకూ వెనుకకూ ఊగుతుండడం అందుకు కారణం. పవనం మందగించింది, ఉష్ణోగ్రత మాత్రం అంచనాలో పదోవంతే!

శక్తి మాయం కాదు గదా! నక్షత్రాల నడుమ నుండి వచ్చిన తటస్థ పరమాణువులు సౌరమండలంలో అయాన్లుగా మారి పవనంలో చిక్కుకుంటాయి. ఆ అతిథులే శక్తిలో సింహభాగం తీసుకొన్నాయని శాస్త్రజ్ఞులు భావించారు. వాటిని కొలిచే సాధనం వాయేజర్‌లో లేదు. 2006లో బయలుదేరిన న్యూ హొరైజన్స్ నౌకలో ఉంది. ప్లూటోను దాటిన పిమ్మట, 2015 అక్టోబరులో, ఒక చిన్న ఆఘాతం ఆ నౌక మీదుగా సాగిపోయింది. అందులో ఎక్కువగా వేడెక్కినవి ఆ అతిథి అయాన్లే.