బహుమతికి కొలమానం

పోటీ ఉన్నచోట బహుమతి ఉంటుంది. బహుమతి ఉన్నచోట కొలత ఉంటుంది. ధాన్యాన్ని కాటాతో తూస్తాము, బట్టను మీటరుతో కొలుస్తాము. ఒక విద్యార్థి ఆలోచనను దేనితో కొలవాలి? వైజ్ఞానిక ప్రదర్శనల కాలం వచ్చినప్పుడల్లా మాకు ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉన్నది. సర్ సి.వి. రామన్ తమ పరిశోధనా ఫలితాన్ని 1928లో ప్రకటించిన ఫిబ్రవరి 28వ తేదీని 1987 నుంచి మన దేశంలో జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆ దినం సమీపించిన కొద్దీ విద్యాలయాలన్నీ అట్టలతో, రంగులతో, తీగలతో, బల్బులతో నిండిపోతాయి. అందరి దృష్టీ బల్లమీది వస్తువుపైననే నిలుస్తుంది. న్యాయనిర్ణేత చేతిలోని మార్కుల కాగితాన్ని మాత్రం ఎవరూ చదవరు. ప్రదర్శన మొత్తంలో విద్యార్థికి గట్టిగా పాఠం చెప్పేది ఆ కాగితమేనని మా విశ్వాసం. దేనికి ఎక్కువ మార్కులు ఉంటే అదే విజ్ఞానమని పసి మనస్సు గ్రహిస్తుంది.

మేము తెలుగు బోధించేవారము. రసాయన సమీకరణాల కంటె ఛందోగణాలే మాకు సుపరిచితాలు. అయినప్పటికీ ప్రదర్శనలకు న్యాయనిర్ణేతలు చాలనప్పుడు భాష చెప్పేవారిని సైతం పిలవడం వాడుకలో ఉన్నది. ‘వివరణ’ అనే గడిని పూరించడం సాధారణంగా మా వంతు అవుతుంది. ఆ విధంగా కొన్ని ప్రదర్శనలను దగ్గరగా చూసే భాగ్యం మాకు కలిగింది. వాటిలో ఒకదానిని గురించి ఇక్కడ చెప్పవలసి ఉన్నది.

అది కొన్ని సంవత్సరాల క్రిందటి మాట. ఒక పాఠశాలలో జరిగిన ఆ ప్రదర్శనలో మార్కులు మొత్తం యాభై. అందులో ఆకర్షణకు పదిహేను, వివరణకు పదిహేను, శాస్త్రీయతకు పది, ఉపయోగానికి పది. ఒక బల్లమీద ఆనకట్ట నమూనా ఉన్నది. నీలిరంగు నీరు జలజల పారుతున్నది, క్రింద బల్బులు వెలుగుతున్నవి. దాని పక్కన నిలిచిన బాలుడు చక్కని ఆంగ్లంలో తడుముకోకుండా చెప్పుకుపోయాడు. అయితే ఆ బల్బులు వెలిగింది నీటి బలంతో కాదు, అట్ట వెనుక దాచిన బ్యాటరీతో.

మరొక మూలలో ఉర్దూ మాధ్యమంలో తొమ్మిదవ తరగతి చదివే బాలిక మూడు గాజుసీసాలు పెట్టుకొని కూర్చున్నది. మూడింటిలోనూ వానకాలంలో పట్టిన కాలువ నీరే. ఒకదానిలో ఏమీ కలపలేదు. రెండవదానిలో పటిక, మూడవదానిలో మునగ గింజల పొడి కలిపింది. బురద ఎంతసేపటికి అడుగుకు దిగిందో గడియారం చూసి నోటుపుస్తకంలో వ్రాసుకొన్నది. మునగ గింజలోని మాంసకృత్తులకు ధనావేశం ఉంటుంది; మట్టిరేణువులకు ఋణావేశం ఉంటుంది. రెండూ కలిసి ముద్దకట్టి బరువెక్కి అడుగుకు దిగుతాయి. ఇది శాస్త్రజ్ఞులు అంగీకరించిన విషయమే. ఆమె పుస్తకంలో మమ్మల్ని ఆపివేసిన వాక్యం వేరొకటి ఉన్నది. మూడవ రోజుకు మునగపొడి వేసిన నీటికి వాసన వచ్చిందనీ, అది ఎందుకో తనకు తెలియలేదనీ ఉర్దూలో వ్రాసి పెట్టింది. గింజలోని జీవపదార్థం కొంత నీటిలో మిగిలి కుళ్లడం వలన అలా జరుగుతుంది. కనుకనే ఆ నీటిని నిలవ ఉంచరాదంటారు. తన ప్రయోగంలోని లోపాన్ని తానే కనిపెట్టి, దాచకుండా వ్రాసిన ఆ వాక్యమే ఆ రోజు ప్రదర్శనలో అసలైన విజ్ఞానమని మాకు తోచింది.

న్యాయనిర్ణేతలలో ఒక పెద్దమనిషి ఆమెను ఆంగ్లంలో ప్రశ్నించారు. ఆమె తలవంచుకొన్నది. మేము ఉర్దూలో అడిగినప్పుడు మాత్రం తల ఎత్తి, ఒక్కొక్క సీసా చూపుతూ అయిదు నిమిషాలు చెప్పింది. ఫలితం పాఠకులు ఊహించగలరు. వివరణలో తడబాటు, ఆకర్షణ శూన్యం. అక్కడికే ముప్ఫై మార్కుల వ్యవహారం ముగిసింది. మేము మా వాదం వినిపించాము. మార్కుల కాగితం ముందు అది చెల్లలేదు. ఆనకట్టకు ప్రథమ బహుమతి వచ్చింది. ఆ బాలుడిది తప్పు కాదు. కాగితం ఏమి అడిగిందో అతడు అదే ఇచ్చాడు. మరుసటి ఏడు ఆ బాలిక ప్రదర్శనకు పేరు ఇవ్వలేదని ఆమె ఉపాధ్యాయిని ద్వారా తరువాత తెలిసింది. ఒక బహుమతి తప్పిపోతే నష్టం స్వల్పం. సత్యం వ్రాయడం వలన లాభం లేదని ఒక బిడ్డ నేర్చుకొంటే ఆ నష్టాన్ని పూడ్చడం కష్టం.

దీనిని బట్టి కొలమానమే వద్దని మేము అనడం లేదు. మంచి కొలమానాలు మన ముందే ఉన్నవి. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి బాలల వైజ్ఞానిక ప్రదర్శనలకు సూచించిన పద్ధతిని చూడండి. పిల్లల స్వంత సృజనకూ ఊహకూ నూటికి 20, నూతనత్వానికి 15, శాస్త్రీయమైన ఆలోచనకు 15, చేతిపని నైపుణ్యానికి 15, ఉపయోగానికి 15, తక్కువ ఖర్చు, మన్నిక, మోసుకుపోగల సౌలభ్యం వీటికి 10, ప్రదర్శించి వివరించడానికి కేవలం 10. ‘పిల్లల స్వంత’ అనే మాట గమనింపదగినది. తండ్రి కొని తెచ్చినదానికీ, ఉపాధ్యాయుడు అంటించి ఇచ్చినదానికీ ఆ 20 మార్కులలో చోటు లేదు.

అమెరికాలో 1950లో ఫిలడెల్ఫియా నగరంలో ఆరంభమై నేడు అనేక దేశాల విద్యార్థులు పాల్గొంటున్న అంతర్జాతీయ సైన్సు, ఇంజనీరింగు ప్రదర్శనలో లెక్క వేరు. పరిశోధన ప్రశ్నకు 10, ప్రణాళికకు 15, అమలుకు 20, సృజనకు 20, సమర్పణకు 35. సమర్పణకు ఇన్ని మార్కులా అని సందేహం కలుగవచ్చు. ఆ 35లో ఫలకానికి 10 మాత్రమే. మిగిలిన 25 న్యాయనిర్ణేతతో జరిగే సంభాషణకు. ఆ సంభాషణలో చూసేది వాగ్ధాటి కాదు. విద్యార్థికి మూలసూత్రం తెలుసునా, పని ఎంతవరకు తానే చేశాడు, తన ఫలితాలకు గల పరిమితులు గ్రహించాడా అన్నవి చూస్తారు. వాసన వచ్చిన సీసాకు అక్కడ మార్కులు దక్కేవి.

ప్రత్యేక బహుమతుల అవసరం ఇక్కడే కలుగుతున్నది. ప్రధాన బహుమతి అన్ని గుణాల మొత్తాన్ని చూస్తుంది. మొత్తంలో ఒక గొప్ప గుణం మునిగిపోవచ్చును. ప్రత్యేక బహుమతి ఒకే గుణాన్ని తీసుకొని, దానిలో ఎవరు శ్రేష్ఠులని అడుగుతుంది. పైన చెప్పిన అంతర్జాతీయ ప్రదర్శనలో ప్రధాన పురస్కారాలు కాక, వివిధ శాస్త్రసంఘాలూ సంస్థలూ తమ తమ ఆశయాలకు అనుగుణంగా ప్రత్యేక పురస్కారాలు ఇస్తాయి. వాటికి వారి న్యాయనిర్ణేతలు వేరు, వారి కొలత వేరు. మన దేశంలో కొత్త రూపం దాల్చిన ‘ఇన్‌స్పైర్ అవార్డులు – మానక్’ పథకం సైతం విద్యార్థి ఆలోచనలో నూతనత్వం, సమాజానికి ఉపయోగం, పర్యావరణానికి హాని లేకపోవడం, వాడుకలో సులువు, ఉన్న సాధనాల కంటె మెరుగుదనం చూస్తుంది. ఎంపికైన ఆలోచనకు రూపమివ్వడానికి పదివేల రూపాయలు ఇస్తుంది. అందమైన అట్టకు అందులో ప్రసక్తి లేదు.

మన తెలుగునాటనే ఒక ఉదాహరణ ఉన్నది. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం గారు ఆరవ తరగతితో చదువు మానవలసి వచ్చినవారు. ఆసు పోయడానికి వేలమార్లు చెయ్యి ఆడించి భుజం నొప్పితో బాధపడే తల్లిని చూసి, ఏళ్ల తరబడి శ్రమించి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టి లక్ష్మీ ఆసుయంత్రం అన్నారు. 2017లో భారత ప్రభుత్వం వారిని పద్మశ్రీతో గౌరవించింది. ఆయన బాల్యంలో ఆకర్షణకూ ధాటికీ ముప్ఫై మార్కులు పెట్టిన ప్రదర్శనలో నిలబడి ఉంటే ఆయనకు ఏ స్థానం వచ్చేదో మనం ఆలోచించుకోవాలి.

ఇక భాష సంగతి. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి తెలుగులో శాస్త్రగ్రంథాలు ప్రకటించింది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతిక, రసాయన శాస్త్రాలనే కాక వైద్యాన్నీ ఇంజనీరింగునూ ఉర్దూలో బోధించింది. ఈ రెండు భాషలూ శాస్త్రానికి కొత్తవి కావు. ఉర్దూ, తెలుగు రెంటినీ అక్కున చేర్చుకొన్న మన కళాశాల ఆ వారసత్వాన్ని మరువరాదు. ఆంగ్లం నేర్చుకోవలసినదే, అందులో భేదాభిప్రాయం లేదు. అయితే భాషాజ్ఞానాన్ని పరీక్షించేందుకు వేరే పరీక్ష ఉన్నది. శాస్త్రాన్ని పరీక్షించేచోట భాష అడ్డుగోడ కాకూడదు.

ఈ కారణాల చేత కళాశాల కమిటీ పెద్దలకు మేము కొన్ని సూచనలు సవినయంగా సమర్పిస్తున్నాము. ప్రధాన బహుమతులకు తోడు నాలుగు ప్రత్యేక బహుమతులు ఏర్పరచవచ్చును. మొదటిది, తేదీలతో నిజాయితీగా నింపిన ఉత్తమ పరిశీలన పుస్తకానికి. రెండవది, తన మాతృభాషలో సామాన్యునికి సైతం తెలిసేటట్లు చెప్పిన ఉత్తమ వివరణకు. మూడవది, నసురుల్లాబాదు, బాన్సువాడ ప్రాంతపు పొలం, కాలువ, వంటిల్లు, బీడీలు చుట్టే గడప వంటి చోట్ల కనిపించే సమస్యకు తక్కువ ఖర్చులో చూపిన పరిష్కారానికి. నాలుగవది, అనుకొన్న ఫలితం రాకపోయినా ఎందుకు రాలేదో వెతికిన విద్యార్థికి. ఈ నాలుగవ బహుమతిని కొందరు వింతగా చూడవచ్చును. ప్రయోగం విఫలమైతే అది కూడా ఒక జవాబే. దానిని దాచిపెట్టడమే దోషం.

ప్రత్యేక బహుమతి ఊరడింపు బహుమతిగా దిగజారకూడదు. అందరికీ పంచితే దానికి విలువ ఉండదు. యోగ్యమైన ప్రయత్నం లేని సంవత్సరం దానిని ఎవరికీ ఇవ్వకుండా ఉంచడమే మేలు. ఒక్కొక్క ప్రయోగాన్ని కనీసం ముగ్గురు న్యాయనిర్ణేతలు వేరువేరుగా చూడాలి. ఒకరు చేయి బిగించి మార్కులు వేస్తారు, మరొకరు ధారాళంగా వేస్తారు. కొన్ని బల్లలను ఒకరు, కొన్నింటిని మరొకరు చూస్తే ఎవరి బల్ల ఎవరికి పడిందన్న అదృష్టమే గెలుపోటములను నిర్ణయిస్తుంది. ఒక్కొక్కరు తాము చూసినవాటిని మొదటిది, రెండవది, మూడవది అని వరుస పెట్టి, ఆ వరుసలను పోల్చి చూస్తే ఈ దోషం చాలవరకు తొలగుతుంది. ప్రశ్నించే వేళ ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ దూరంగా ఉండాలి. “ఇదేమిటి?” అన్న ప్రశ్నకు కంఠస్థం చేసిన జవాబు వస్తుంది. “ఇందులో నీవు అనుకోనిది ఏమి జరిగింది?” అని అడిగితే స్వయంగా చేసినవారే చెప్పగలరు. చివరకు ప్రతి విద్యార్థికీ రెండు వాక్యాల అభిప్రాయం వ్రాసి ఇవ్వాలి. ఓడినవానికి తాను ఎక్కడ ఓడిపోయాడో తెలియజేయడం మన బాధ్యత.

విద్యార్థి మిత్రులారా! మార్కుల కాగితాన్ని ప్రదర్శనకు నెల రోజుల ముందే గోడకు అంటించమని మీరు అడగండి. అది మీ హక్కు. దానిని చదివిన తరువాత అంగడికి పరుగెత్తకండి. మీ ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి రండి. బావి నీటికి ఆ రుచి ఎందుకు వచ్చింది? నారుమడి ఒకవైపే ఎందుకు పసుపుబారింది? పొయ్యి పొగతో అమ్మ కళ్లు ఎందుకు మండుతున్నవి? వీటిలో ఒక్క ప్రశ్నను ఎన్నుకొని, ఒక నోటుపుస్తకం కొనండి. చూసినది చూసినట్లు వ్రాయండి. తెలియనిచోట తెలియలేదని వ్రాయండి. అటువంటి పుస్తకానికి తగిన కొలమానాన్ని సిద్ధం చేసి ఉంచడం పెద్దలమైన మా వంతు.