గిన్నె మీద పేరు

గురువారం పొద్దున మా మందుల షాపులో మొదటి పని పేపరు తిరగెయ్యడం. ఇది అలబామాలో ఉత్తరాన ఒక చిన్న ఊరు. వారానికొకసారి వచ్చే ఈ ఊరి పత్రికలో ఒక పేజీ నిండా పోయినవాళ్లే. అందులో మా దగ్గర మందులు తీసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే కంప్యూటర్లో వాళ్ల రీఫిల్లులు ఆపెయ్యాలి. అలమారలో వాళ్ల పేరున కట్టిపెట్టిన సంచీ ఉంటే విప్పి, మాత్రలు వెనక్కి సర్దాలి. ఒకసారి ఇది మర్చిపోయాం. అంత్యక్రియలు జరుగుతుండగా ఆ ఇంటి ఫోనుకు ‘మీ మందులు సిద్ధం’ అని మెసేజీ వెళ్లింది. మర్నాడు కూతురొచ్చి కౌంటరు దగ్గర నిలబడి ఏమీ అనకుండా ఏడ్చింది. అప్పటినుంచీ ఈ అలవాటు.

పని కోసం మొదలుపెట్టిన చదువు క్రమంగా వ్యసనమైంది. ఒక్కొక్కరి గురించీ ఇరవై, ముప్ఫై లైన్లుంటాయి. ఎక్కడ పుట్టారు, తల్లిదండ్రులెవరు, ఏ బట్టల మిల్లులో ఎన్నేళ్లు చేశారు, ఏ చర్చిలో పాడేవారు, ఎవరు ముందే పోయారు, ఎవరు మిగిలారు, పెట్టె మోసేదెవరు. ఇవన్నీ అయ్యాక చివర్లో అసలు మనిషి కనిపిస్తాడు. ఆయనకి చేపల వేట పిచ్చి అనీ, పట్టిన చేప ఎంత పొడుగన్న విషయంలో మాత్రం ఆయన మాట నమ్మరాదనీ రాస్తారు. నెలనెలా నా ముందు నిలబడి షుగరు మాత్రలు తీసుకుని ‘ఎండ మండిపోతోంది’ అని వెళ్లిపోయే మనిషి కొరియా యుద్ధంలో వంటవాడని నాకు ఆయన పోయాకే తెలిసింది. అప్పటిదాకా ఆయన పుట్టినతేదీ, ఆయనకి పడని మందులూ మాత్రమే తెలుసు.

2021 మేలో మా నాన్న పోయారు. కరోనా రెండో తాకిడి. విజయవాడ ఆస్పత్రి నుంచి ఊరికి తీసుకెళ్లే వీల్లేక కృష్ణలంక స్వర్గపురిలోనే కానిచ్చేశారు. తమ్ముడు ఆ తెల్ల కిట్టు తొడుక్కుని కొరివి పెట్టడం నేను ఫోన్లో చూశాను. పెద్దదినానికి పదిమంది లేరు. వారం పోయాక షాపుకి వెళితే, మా దగ్గర టెక్నీషియన్‌గా చేసే డెబ్బయ్యేళ్లావిడ, ‘మీ నాన్నగారి గురించి మీ పేపర్లో పడే ఉంటుందిగా, చూపించు’ అంది.

పడింది. తమ్ముడు జిల్లా ఎడిషన్లో శ్రద్ధాంజలి వేయించాడు. ఫోటో, జననం, మరణం, ‘మీ ఆశయాలే మాకు బాట’, కింద మా అందరి పేర్లు. ఫోన్లో చూపించి అర్థం చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, ‘ఏమిటి ఆయన ఆశయాలు?’ అంది.

నాకు నోట మాట రాలేదు. మా నాన్న సహకార సొసైటీలో గుమాస్తా. ఎరువుల బస్తాలు, పంట రుణాలు, రికవరీలు. నాకు తెలిసి ఆయన ఆశయమల్లా మార్చి నెలాఖరుకి లెక్క రూపాయి తేడా రాకుండా కుదరడం. ఊళ్లో ఎవరికెంత అప్పుందో కంఠతా వచ్చిన మనిషి, ఆ విషయం ఒక్కటి కూడా మా అమ్మ దగ్గర జారనివ్వలేదు. అమ్మకి ఆయన మీద ఉన్న పెద్ద ఫిర్యాదు అదే. పేపర్లో వెయ్యాల్సింది ఇది. మేం వేసింది ‘ఆశయాలు’.

పోయినవాళ్లని మనం మర్చిపోతామని చెప్పడం నా ఉద్దేశం కాదు. మా ఊరు మొవ్వకి కూతవేటు దూరం. బస్సు దిగి ఇంటికెళ్లేలోపు కనీసం ఆరుగురు కీర్తిశేషులు పలకరిస్తారు. బస్ షెల్టరు ఒకరి జ్ఞాపకార్థం, బడి గేటు ఇంకొకరి జ్ఞాపకార్థం, రామాలయంలో ఫ్యాను రెక్కలు మూడూ ముగ్గురివి. ఫ్యాను తిరిగితే ఎవరూ కనపడరు, కరెంటు పోతే ముగ్గురూ ప్రత్యక్షమవుతారు. సెంటర్లో ఫ్లెక్సీలు సరేసరి. ఇక పెద్దదినానికి వచ్చినవాళ్లకి స్టీలు గిన్నో డబ్బానో ఇచ్చి పంపుతారు. చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంటుంది. డెల్టాలో ఏ వంటింట్లో చూసినా సగం గిన్నెల మీద పోయినవాళ్ల పేర్లే. మనకి పేరు నిలబెట్టడం బాగా వచ్చు. ఆ పేరు గలాయన పప్పులో ఉప్పెక్కువైతే ఏమనేవాడో మాత్రం ఎక్కడా ఉండదు.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి వెళ్లినప్పుడే ఇది నాకు కొంత తగిలింది. పద్మావతి ఘాట్‌లో నాన్న పిండాలు పెడుతున్నారు, నేను తువ్వాలు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. పురోహితుడు గోత్రం అడిగాడు, నాన్న వైపు మూడు తరాల పేర్లు అడిగాడు. మగవాళ్ల పేర్లు నాన్న గడగడా చెప్పారు. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి తన నాయనమ్మ దగ్గర ఆగిపోయారు. ‘అందరూ పెద్దామె అనేవాళ్లండీ’ అన్నారు. తర్వాత కారుణ్య పిండాలు. ఇరుగూపొరుగూ, స్నేహితులూ, మన ఇంట్లో పనిచేసినవాళ్లూ ఎవరైనా సరే, గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం. ఎంత పెద్ద మనసున్న ఏర్పాటో అనిపించింది. దానికీ కావలసింది పేరే. నాన్న అక్కడ లాకు తాత పేరు చెప్పబోయి, ఆయనకీ అసలు పేరు గుర్తురాక ‘లాకు తాత అనే రాసుకోండి’ అన్నారు. పురోహితుడు నవ్వి, అలాగే సంకల్పం చెప్పాడు.

లాకు తాత ఇరిగేషన్ శాఖలో లస్కరు. కాలువ షట్టర్ల తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు. నీటి వంతుల్లో పై వాళ్లు రాత్రిళ్లు వచ్చి షట్టరు ఎత్తుకోకుండా, ఆయన షట్టరు పక్కనే నులకమంచం వేసుకుని పడుకునేవాడు. ఎందుకంటే ఆయన అత్తగారి ఊరు కాలువ చివర. శివారు భూములకి నీళ్లందకపోతే ఇంట్లో అన్నం పెట్టరని ఊళ్లో అనుకునేవాళ్లు. కాటన్ దొరకి మన జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్నాయి, ఉండాలి కూడా. బెజవాడ దగ్గర 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్టని దగ్గరుండి కట్టించిన చార్లెస్ ఆర్ పేరు అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. ఆ నీళ్లని చివరి మడిదాకా కాపలా కాసిన లస్కర్ల సంగతి ఇక చెప్పేదేముంది.

ఆ ‘లాకు తాత’ అన్న మాట మీద నాకు గౌరవం పెరుగుతూ వచ్చింది. ముద్దుపేరు, ఎకసెక్కపు పేరు, ఏదైనా అనండి, మన ఊళ్లు మనుషుల జీవితచరిత్ర రాసిన పద్ధతి అదే. మా పక్క ఊరు భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారికి జాతీయ జెండా పుణ్యాన జెండా వెంకయ్య అని పేరు. అంతకుముందే ఆయన పత్తి మీద చేసిన పరిశోధనకి పత్తి వెంకయ్య, జపాన్ భాష నేర్చి అందులో ఉపన్యసించినందుకు జపాన్ వెంకయ్య. మూడు మాటల్లో మూడు జీవితాలు. ఆయన 1963లో పేదరికంలోనే పోయారు. తపాలా బిళ్ల 2009లో వచ్చింది. ప్రభుత్వానికి నలభయ్యారేళ్లు పట్టిన పని, ఊరు ఆయన బతికుండగానే చేసింది.

నాన్న పోయిన ఏడాదే ఒక నోటుబుక్కు పెట్టాను. ఆదివారం రాత్రి ఇక్కడ భోజనాలయ్యాక, అక్కడ అమ్మ కాఫీ తాగే వేళకి ఫోన్ చేస్తాను. వారానికొక మనిషి. అమ్మ వరస తప్పి చెబుతుంది, మధ్యలో కరివేపాకు మొక్క సంగతి వస్తుంది, పనిమనిషి మీద కోపం వస్తుంది. నేను రాసుకుంటాను. వార్తల టైముకి వీధి అరుగు మీద రేడియో పెట్టి, ఊరందరికీ వినపడాలని గొంతు పెంచి, తాను మాత్రం నిద్రపోయే బాబాయి. కూతురి పెళ్లికి చేసిన అప్పు తీర్చడానికి జంతికలు అమ్మి, అప్పు తీరిన రోజు నుంచి జీవితంలో జంతిక నోట పెట్టని మామ్మ. ఇలా ఇప్పటికి తొంభై దాటారు.

ఒకరోజు ఆ పేర్లన్నీ మా టెక్నీషియన్‌కి చూపించి గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ నల్లజాతి మనిషి. విని, ‘మా అమ్మమ్మ పోయినప్పుడు ఈ ఊరి పేపరు వెయ్యలేదు’ అంది. ఈ దక్షిణ రాష్ట్రాల పత్రికలు చాలావాటిలో అప్పట్లో నల్లవాళ్ల చావులు వేస్తే వేరే శీర్షిక కింద రెండు లైన్లు, లేకపోతే అదీ లేదు. అందుకని వాళ్ల చర్చిల్లో అంత్యక్రియల రోజున చిన్న పుస్తకం అచ్చేసి పంచుతారు. ఫోటోలు, జీవితం, పాటలు. ఆ జీవితాన్ని అందరిముందూ లేచి చదువుతారు కూడా. ఆవిడ దగ్గర అలాంటివి రెండు చెప్పుల డబ్బాల నిండా ఉన్నాయి. మర్నాడు తెచ్చి చూపించింది. ఆ రాత్రి నా నోటుబుక్కు మళ్లీ తిరగేశాను. తొంభైమందిలో మా ఊరి దళితవాడ నుంచి నలుగురు. ఆ నలుగురూ మా పొలానికి వచ్చినవాళ్లే. పేపరు వెయ్యకపోవడం ఎలా జరుగుతుందో నాకు అర్థమైంది. ఎవరూ పనిగట్టుకుని వద్దనక్కర్లేదు, ఆ వీధిలోకి వెళ్లకపోతే చాలు. పోయినసారి ఊరెళ్లినప్పుడు ఆ వీధిలోకి వెళ్లాను. నాన్న దగ్గర ఎరువు అప్పు తీసుకున్న ఒక పెద్దాయన మూడు గంటలు మాట్లాడాడు, నాన్న గురించే ఎక్కువ చెప్పాడు.

రాయలేని పేజీ ఒకటుంది. మా పెద్ద మేనత్తని నాగాయలంక దగ్గర పల్లెకిచ్చారు. 1977 నవంబరు 19, శనివారం. దీపావళి వెళ్లి వారం, పదిరోజులు. ఉప్పెనకి ఐదారు మీటర్ల ఎత్తున సముద్రం దివిసీమ మీదికొచ్చింది. సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లే కొట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల పైచిలుకు. అత్త, మామ, ఇద్దరు పిల్లలు. నాకప్పుడు నాలుగేళ్లు. శవాలు దొరికినవాళ్లకీ పేర్లు దొరకలేదు, గుట్టలుగా వేసి దహనం చేశారు. మా అత్త దొరకనేలేదు. ఆ సీమలో ఎన్నో ఇళ్లల్లో ఒకే తిథికి తద్దినం. పిలిస్తే భోక్తలు దొరకరని నాన్న ప్రతి ఏడూ అనేవారు. అవనిగడ్డ దగ్గర పులిగడ్డలో స్మారక స్తూపం ఉంది, ఏటా ఆ రోజున పెద్దలొచ్చి పూలు పెట్టి నివాళి అర్పిస్తారు. అంతమంది ఒక్కసారే పోతే వాళ్లందరికీ కలిపి ఒక్క కథ మిగులుతుంది, అది ఉప్పెన కథ. అంతకుముందు వాళ్లు ఏం చేసేవాళ్లో అడిగేవాళ్లుండరు. అత్త గురించి నాకు దొరికింది ఒకటే. పుట్టింటికి వస్తే రొయ్యపొట్టు మూట తెచ్చేదనీ, ఆ వాసనకి నాయనమ్మ మూడురోజులు తిడుతూ నాలుగో రోజున వండించుకునేదనీ.

అమరావతి స్తూపానికి శాతవాహనుల కాలంలో ఒక పూర్ణఘటం పలక ఇచ్చినాయన పేరు విధికుడు. తోళ్ల పని చేసే మనిషి. దాని మీది ప్రాకృతం ఆయన వృత్తి చెబుతుంది, ఆయన తండ్రి నాగుడనే ఉపాధ్యాయుడని చెబుతుంది, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్లతో, చుట్టాలూ స్నేహితులతో కలిసి ఇచ్చానంటుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో పెట్టుకున్న పూర్ణఘటం ఆ చర్మకారుడిదే. ఆ సంగతి చదివినప్పుడు నాకు మన స్టీలు గిన్నెలే గుర్తొచ్చాయి. కుండ మీద పేరు చెక్కించే అలవాటు కృష్ణ ఒడ్డున ఇవాళ్టిది కాదు. ఇంకొకటి కూడా గమనించాను. కొడుకు పేరుంది. తల్లికి, భార్యకి, కూతుళ్లకి అప్పుడూ పేర్లు లేవు.

నా వంటింట్లో కందిపప్పు పోసుకునే స్టీలు డబ్బా ఒకటుంది. మొదటిసారి ఈ దేశం వచ్చేటప్పుడు అమ్మ సూట్‌కేసులో కారప్పొడి పోసి పెట్టింది. దాని మీద ఒక ఆడమనిషి పేరు, ముందు మాది కాని ఇంటిపేరు అక్షరం. ఇన్నేళ్లూ ఎవరి పెద్దదినానిదో అనుకున్నాను. పోయిన ఆదివారం అమ్మని అడిగాను.

‘పెద్దదినమేంటే, ఆవిడ బతికుండగానే కొట్టించుకుంది. గిన్నెలవాడు అణాకి అక్షరం అంటే అక్కడే కూర్చుని బేరమాడింది. అప్పుడే మొగుడు పేరు కొట్టించమని అత్తగారంటే, గిన్నెలు తోమేది నేను, పేరు నాదే ఉండాలందంట.’

‘మరి మనింటికెలా వచ్చింది?’

‘మీ తమ్ముడు పుట్టినప్పుడు కాయంముద్ద పంపింది. తిరిగిచ్చేలోపు వాళ్లు గుడివాడ వెళ్లిపోయారు. తర్వాత పోయిందని విన్నాం.’ కాసేపాగి, ‘మనవరాలు మీ దేశంలోనే ఎక్కడో ఉందంటారు. కనుక్కుని ఇచ్చెయ్యమ్మాయ్, ఒకరి గిన్నె మనకెందుకు’ అంది. ఫోన్ పెట్టేయబోతూ మళ్లీ పిలిచింది.

‘ఖాళీ గిన్నె ఇవ్వకూడదు, గుర్తుందిగా.’

నోటుబుక్కులో ఆవిడ పేజీ ఇప్పటికి ఏడు లైన్లయింది.