గోడ మీద నీళ్ల లెక్క

అనంతపురం మెట్ట రైతు ఏటా జూన్, జులైల్లో తలకెత్తుకునేంత బరువైన నిర్ణయం పెద్ద పెద్ద కంపెనీలు నడిపేవాళ్లకు కూడా ఉండదేమో. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే కురిసిపోతాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, దానికీ నమ్మకం లేదు. పదునైందంటే చెనిక్కాయ విత్తేయాల్సిందే. ఆ తర్వాత నెల రోజులు చినుకు పడకపోతే విత్తనం, ఎరువు, కూలి, అప్పు అన్నీ మట్టిపాలు.

పాతకాలపు రైతులు అందుకే ఒక్క పంటను నమ్ముకోలేదు. కంది, కొర్ర, సజ్జ, అనుము, అలసంద, ఆముదం కలిపి వేసేవాళ్లు. ఒకటి పోతే ఇంకొకటి నిలబడేది. బోర్లు వచ్చాక ఆ ముందుచూపు పలచబడింది. పక్క చేన్లో నీళ్లు పడ్డాయంటే మనకూ పడతాయన్న ఆశ. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పాయింట్ చూసేవాళ్ల మాట మీద లక్షలు పోసి బోరు వేయిస్తారు. ఒకరి బోరు లోతుకు దిగితే పక్కవాళ్లది ఎండుతుంది. వాళ్లు ఇంకా లోతుకు పోతారు. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. భూమి కింద ఎన్ని నీళ్లున్నాయో ఎవరికీ తెలియకపోవడమే అసలు చిక్కు.

ఆ చిక్కును విప్పడానికి 2003లో ఒక మంచి ప్రయత్నం మొదలైంది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురంతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో భూగర్భ జలాల లెక్కను రైతుల చేతికే అప్పగించారు. బోరులోకి టేపు దించుతారు, కొస నీటిని తాకగానే పరికరం కూత పెడుతుంది. ఎన్ని మీటర్ల లోతో పుస్తకంలో రాసుకుంటారు. వానమాపకం చూసి మిల్లీమీటర్లు రాస్తారు. ఆడవాళ్లూ ఈ కొలతలు తీశారు. అంకెలన్నీ ఊరి మధ్య గోడ మీదికి ఎక్కాయి. ఎకరం మీద పది మిల్లీమీటర్ల వాన అంటే దాదాపు 40 వేల లీటర్లు. ఇలా లెక్క చెబితే వాన విలువ ఎవరికైనా తెలిసొస్తుంది.

రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయదలచిన పంటలకు కావలసినవెన్ని అని బేరీజు వేసుకునేవారు. లోటు తేలితే వరి తగ్గించి ఆరుతడికి మళ్లమని ఎవరూ ఆజ్ఞాపించలేదు, జరిమానా వేయలేదు. ఎవరి చేనికి వారే నిర్ణయం తీసుకున్నారు. అయినా చాలామంది పంట మార్చారు. నన్ను కదిలించేది ఈ విషయమే. పెత్తనం చేసేవాళ్లు సాధారణంగా లెక్కను దాచుకుని తీర్పు ఒక్కటే చెబుతారు. ఇక్కడ లెక్కను ముందు పెట్టి, తీర్పును రైతుకే వదిలేశారు. మనిషిని నమ్మడానికి చాలా ధైర్యం కావాలి.

అప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లాలోని కుమ్మరవాండ్లపల్లె రైతులు ఇంకో అడుగు ముందుకేశారు. కొత్త బోర్లు వేయకూడదని కట్టుబాటు చేసుకుని, ఉన్న బోర్ల నీళ్లను పైపులతో బోరు లేని చేలకూ పంచుకున్నారు. బోరున్న రైతు ఎందుకు ఒప్పుకున్నాడంటే, పక్కన కొత్త బోరు పడదన్న భరోసా అతనికీ కావాలి కాబట్టి.

భూగర్భ జల శాఖ ఇప్పటికీ పీజోమీటర్లతో నీటిమట్టం కొలుస్తూనే ఉంది. ఆ అంకెలు కార్యాలయంలోనే ఉండిపోతే రైతుకు ఒరిగేదేమీ లేదు. వచ్చే రబీకి ముందు మీ ఊరి గ్రామసభలో ఆ అంకెలు అడగండి, అందరికీ కనబడేలా గోడ మీద రాయించండి.